పెంపుడు సాలీడు - గృహస్థ ధర్మము

ప్రతి సంవత్సరము ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసినదని మన సంఘ కార్యదర్శిగారు అడుగుట, పప్పుధాన్యముల ధరలు తప్ప నాకేమీ తెలియదని నేను తప్పించుకొనుట జరుగుతూ వస్తున్నది. ఈ ఏడు తప్పించుకొనలేదు. దానికి కారణము పదకొండేండ్ల పిల్లవాడు నన్ను అడిగిన ఒక ప్రశ్న. అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. కొన్ని మాసములు ఆలోచించిన మీదట తేలినంత వరకు వ్రాసి పెద్దల ముందు పెట్టుచున్నాను. నేను పండితుడను కాను, హైస్కూలుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. తప్పులుంటే దిద్దవలెనని ప్రార్థన.

మా అన్నగారి కుమారుడు ఉద్యోగరీత్యా అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రమున డల్లాస్ నగరములో కాపురమున్నాడు. వాని క్రొత్త ఇంటి గృహప్రవేశమునకు నేనును మా ఇంటివారును బళ్ళారి నుండి వెళ్ళాము. అంత దూరములో కూడా మన ఆచారమును చక్కగా నిలుపుకొన్నారు. ఉల్లి లేదు, ఆలుగడ్డ లేదు. చీకటి పడకముందే భోజనాలు ముగుస్తవి. నీళ్ళకుండకు వడగట్టు గుడ్డ కూడా ఉన్నది. చూచి నా మనసు నిండిపోయినది.

మరునాడు వాని పెద్దకొడుకు నన్ను మేడమీద తన గదికి తీసుకొనిపోయాడు. అక్కడ బల్లమీద ఒక గాజుపెట్టె. అందులో మట్టి, ఒక చెక్కబెరడు, చిన్న నీళ్ళ పళ్ళెము. బెరడు క్రింద నా అరచేయంత ఉన్న నల్లని బొచ్చు సాలీడు. మోకాళ్ళ వద్ద ఎర్రని పట్టీలు. దానిని టరాంటులా అంటారట, ఇది మెక్సికో దేశపు జాతి. పుట్టినరోజుకు వచ్చిన డబ్బుతో రెండేండ్ల క్రిందట కొన్నాడు. ప్రక్కనే మరొక డబ్బాలో కీచురాళ్ళు అరుస్తున్నవి. అవి దాని ఆహారము.

క్రిందికి రాగానే కోడలు నాతో, "మామయ్యగారూ, మీరైనా చెప్పండి. నీళ్ళు వడగట్టి తాగే ఇంట్లో ఆ కీచురాళ్ళ డబ్బా ఏమిటి? పైగా నాలుగేళ్ళ చిన్నపిల్ల ఇంట్లో తిరుగుతున్నది" అన్నది. పిల్లవాడు ఏడ్వలేదు, మొండికి పోలేదు. నా వంక చూచి అడిగాడు: "చిన్నతాతా, తిండి పెట్టకపోతే సాలీడు చచ్చిపోతుంది. పెడితే కీచురాయి చచ్చిపోతుంది. ఏది తక్కువ పాపం?"

నేను తడుముకొన్నాను. ఆ తడుముకొనుటే ఈ వ్యాసమునకు మూలము.

ధర్మము మాట తరువాత చెప్పుతాను. తల్లి భయము ముందు తీర్చవలెను గదా! ఆమె అడిగినది బిడ్డల క్షేమము. పిల్లవాడు తన పుస్తకములు చూపించి చెప్పినవి, నేను ఇతరులను విచారించి రూఢి చేసుకొన్నవి ఇక్కడ పొందుపరుస్తున్నాను. మన పిల్లలు దేశదేశముల కాపురములు చేస్తున్నారు. వారి ఇండ్లలో ఇట్టి సమస్య రాదని చెప్పలేము.

అమెరికా ఖండముల టరాంటులాలలో చాలావాటి విషము తేనెటీగ, కందిరీగ కాటు పాటిది. ఈ జాతి కాటువలన మనిషి మరణించినట్లు రూఢిగా నమోదు లేదు. అయినను కొందరి ఒంటికి ఏ విషమూ సరిపడదు కాబట్టి పిల్లల విషయములో అలక్ష్యము కూడదు. ఈ అమెరికా జాతులకు కాటుకంటె పెద్ద ఆయుధము వేరే ఉన్నది. పొట్టమీది సన్నని నూగు. బెదిరినప్పుడు వెనుకకాళ్ళతో గోకి ఆ నూగును గాలిలోకి విసరుతుంది. అది చర్మముమీద పడితే మన దూలగొండి నూగువలె దురద, కంటిలో పడితే గ్రుడ్డులోనికి దిగి చాలాకాలము బాధిస్తుంది. పడిన కంటిని నలుపరాదు. నీళ్ళతో కడిగి వెంటనే కంటివైద్యుని వద్దకు పోవలెను. పసిపిల్లలు పెట్టెమీదికి ముఖము వంచి చూడకుండ కాచుకొనుట అందుకే ముఖ్యము.

మన దేశపు జాతులు, ఆసియా ఆఫ్రికా జాతులు ఆ నూగు లేనివి. వాని విషము మాత్రము ఎక్కువ. మన తూర్పుకనుమల చెట్ల తొర్రలలో ఉండే సాలీళ్ళు కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరములు పట్టివేయుట కొన్ని దినములు ఉంటవి. పిల్లలున్న ఇంట అట్టివి ఉండనే కూడదు.

ఉన్నదానిని కాపాడుకొనుటకు నియమములు ఇవి. పెట్టెకు తాళము ఉండవలెను, తాళపుచెవి పెద్దల వద్ద ఉండవలెను. పెట్టె పసిపిల్లల చేతికి అందనిచోట, కదలని బల్లమీద ఉండవలెను. సాలీడును చేతిలోనికి తీసుకొని ఆడరాదు. ఇది మనకొరకే కాదు. రెండు మూడడుగుల ఎత్తునుండి పడినా దాని పొట్ట పగిలి చచ్చిపోవచ్చును. కాబట్టి పెట్టె కూడా ఎత్తుగా ఉండరాదు. శుభ్రము చేయుట పెద్దల పని, చేసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ గదిలో దోమలమందు, పురుగులమందు చల్లరాదు, మనకు దోమ చచ్చినంత సులువుగా అది కూడా చస్తుంది. కుబుసము విడిచేటప్పుడు అది వెల్లకిల పడుకొంటుంది. పిల్లలు చచ్చినదనుకొని కదిలిస్తారు. కదిలించరాదు. ఆ సమయములో పెట్టెలో బ్రతికి ఉన్న కీచురాయి ఉండరాదు, మెత్తబడిన సాలీడునే కొరికి చంపుతుంది. క్రొత్త చర్మము గట్టిపడేవరకు కొన్నాళ్ళు ఆహారము పెట్టరాదు.

ఇవన్నియు వినిన పిదప కోడలి భయము కొంత తగ్గినది. ఆనాడే తాళము కొని తెచ్చారు. పెట్టెను బల్లమీదినుండి గోడ అలమరలోనికి మార్చారు. బిడ్డలకు సాలీడు వలన, సాలీడుకు బిడ్డల వలన ఉన్న ప్రమాదము జాగ్రత్తతో తీరేది. పిల్లవాని ప్రశ్న జాగ్రత్తతో తీరేది కాదు.

మన పెద్దలు జీవులను ఇంద్రియముల లెక్కన వర్గీకరించారు. తేలు, ఈగ, తేనెటీగ వంటివి నాలుగింద్రియముల జీవులు. సాలీడును కూడా ఆ కోవలోనే చెప్పుతారు. అనగా స్పర్శ, రుచి, వాసన, చూపు కలవు, వినికిడి లేదు. శాస్త్రజ్ఞులు కూడా దీనికి చెవులు లేవనీ, కాళ్ళమీది వెండ్రుకలతో నేల అదురును పసిగట్టుతుందనీ అంటారు. ఏదెట్లయినను, అది బాధ ఎరిగిన ప్రాణి. కీచురాయి కూడా బాధ ఎరిగిన ప్రాణియే. ఒకటి అందముగా ఉన్నది, పేరు పెట్టుకొన్నాము, మరొకటి డబ్బాకు ఇన్ని అని అమ్ముడుపోతున్నది. ఆ భేదము మనము చేసినది, వాని ప్రాణములో లేదు.

శ్రావకుని అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పారు. బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. అనగా ప్రాణిని కట్టివేయుట, కొట్టుట, అవయవము కోయుట, మితిమీరిన బరువు మోపుట, తిండినీళ్ళు ఆపుట. చిన్నప్పుడు పాఠశాలలో వీనిని వల్లెవేసినప్పుడు ఎద్దుబండ్లు, గుర్రములు మాత్రమే మనసులో మెదిలేవి. ఆ గాజుపెట్టె ముందు నిలుచున్నప్పుడు అర్థము వేరుగా తోచినది. పెట్టెలో పెట్టుట బంధము. తిండి మానివేయుట అన్నపాన నిరోధము. తిండి పెట్టుట మరొక ప్రాణి వధకు కారణము. మూడు వైపుల దారి మూసుకొన్నది. పిల్లవాడు నా ముందు పెట్టినది ఈ చిక్కే.

నేను మొదట చెప్పిన జవాబు అందరు చెప్పేదే. "అడవిలో ఉంటే అది పురుగులను తినదా? దాని స్వభావము అది, నీ పాపమేమున్నది?" అన్నాను. వాడు కొంతసేపు ఊరకుండి, "అడవిలో నేను కొనుక్కొచ్చి వెయ్యను గదా, చిన్నతాతా" అన్నాడు. నిజమే. స్వయముగా చేయుట, చేయించుట, చేయువానిని మెచ్చుట మూడును సమానమే అని మనము నమ్ముతాము. అడవిలో సాలీడు తన ఆకలికి తాను వేటాడుతుంది, ఆ లెక్క దానిది. ఇక్కడ కీచురాయిని పెంచినవాడు మనవంటివాడు కొంటాడని పెంచాడు. ఆ పద్దు మన ఖాతాలోనికే వస్తుంది.

కాగితము తీసుకొని ఇద్దరము లెక్క కట్టాము. పెరిగిన సాలీడుకు పదునాలుగు దినములకు ఒక కీచురాయి చాలునట. ఏటికి 26. ఈ జాతి ఆడది ఇరువది ఏండ్లకు మించి బ్రతుకుతుంది. ఇరువది ఏండ్లకే వేసినా 520. డబ్బాలో ఊరకే చచ్చేవి వేరు. వాడు ఆ అంకెను చూస్తూ కూర్చున్నాడు. కొన్ననాడు సాలీడు ధర ఎంతో వానికి చెప్పారు గాని ఈ ధర ఎవరూ చెప్పలేదు. వ్యాపారమున కూడా అంతే గదా! సరుకు కొన్న ధర అందరికి తెలుసును. నిలువ ఖర్చు తెలిసినవాడే వర్తకుడు.

అప్పుడు వాడు మరొక ప్రశ్న వేశాడు. "మీ గోదాములో పురుగులు పడితే ఏం చేస్తారు?"

పాఠకులారా, ఇక్కడ నేను దాచిపెట్టదలచుకోలేదు. ముప్పది ఏండ్లుగా కంది, పెసర, మినుము నిలువచేస్తున్నాను. పురుగు కనబడితే బస్తాలమీద టార్పాలిను కప్పి, మందుబిళ్ళలు పెట్టించి, కొన్ని దినములు మూసి ఉంచుతాము. ఎన్ని వేల ప్రాణములు పోయినవో నేనెన్నడు లెక్క కట్టలేదు. నెలకు రెండు కీచురాళ్ళ కొరకు నిద్రపోని పిల్లవానికి నేను ఉపదేశము చేయబోయాను! ఆ మాట వానితోనే చెప్పి తలవంచుకొన్నాను.

మన శాస్త్రము హింసను నాలుగు విధములుగా విడదీసినది. సంకల్ప పూర్వకముగా చేయునది, గృహకృత్యములలో జరుగునది, వృత్తిలో జరుగునది, ఆత్మరక్షణలో జరుగునది. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగా విడువవలెను, తక్కిన మూడింటిని వీలైనంత తగ్గించుకొనవలెను. నా గోదాము పని వృత్తిహింస అని నేను సమాధానపడవచ్చును. కాని "వీలైనంత తగ్గించుట" అను షరతు దానితో ముడివడి ఉన్నది. తగ్గించుటకు నేనేమి చేశాను? ఊరు చేరిన తరువాత చేసినవి చెప్పుతాను. తేమ ఉన్న సరుకు తీసుకొనుట మానివేశాను. ఎండబెట్టించి, నేలకు తగలకుండ బల్లలమీద పేర్పిస్తున్నాను. పాత నిలువ ముందు తీసి అమ్ముచున్నాను. పురుగు పుట్టకముందు కాచుకొంటే చంపవలసిన పని తగ్గుతుంది. పూర్తిగా తప్పినదని అబద్ధమాడను.

ఇక సాలీడును పెంచుట ఈ నాలుగింటిలో దేనిలోనికి వస్తుంది? వంట కాదు, వృత్తి కాదు, ఆత్మరక్షణ కాదు. కేవలము వేడుక. ప్రయోజనము లేని హింసను అనర్థదండమని మనవారు వేరుగా పేర్కొని నిషేధించారు. శ్రావకుడు చేయరాని 15 వ్యాపారములలో హింస్రజంతువులను పోషించుట కూడా ఒకటి. వేల ఏండ్ల క్రిందటి వారికి టరాంటులా తెలియదు గాని మనిషి వేడుక తెలుసును.

కొందరు "మనము పాంజ్రాపోళ్ళు నడపడము లేదా? అక్కడ ప్రాణులను కట్టి ఉంచడము లేదా?" అని అడుగవచ్చును. బొంబాయి పాంజ్రాపోల్ 1834లో స్థాపితమైనది. ఆ సంస్థలలో చేర్చేది దిక్కులేని ప్రాణులను. కుంటివి, ముసలివి, కసాయికి పోవలసినవి. అక్కడ ప్రాణి అవసరమునుబట్టి మనిషి కదులుతాడు. పెంపుడు పెట్టెలో మనిషి వేడుకనుబట్టి ప్రాణి బంధింపబడుతుంది. రెండింటికి గోడ ఒకటే, తలుపు వేసిన కారణము వేరు.

ఈ వేడుక దూరదేశపు సంగతి అనుకొనవద్దు. మన సీమతో దానికి సంబంధమున్నది. బళ్ళారిలో రైలెక్కి గుంతకల్లు దాటితే గుత్తి. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలపదొడ్డిలో దొరికిన ఒక సాలీడును వర్ణించాడు. నీలిరంగుతో మెరిసే అద్భుతమైన ప్రాణి. పిదప నూరేండ్లకు పైగా ఎవరికి కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మరల కనబడినది. 2008లో అంతర్జాతీయ సంస్థవారు దానిని అత్యంత అపాయములో ఉన్న జాతిగా ప్రకటించారు. కారణములు రెండు. చెట్లు నరుకుట ఒకటి, విదేశములలో పెంచుకొనువారికి అమ్ముటకై పట్టుట మరొకటి. 2019లో ఆ జాతి వర్గమంతటి అంతర్జాతీయ వ్యాపారమును అదుపులోనికి తెచ్చారు. 2022లో మన వన్యప్రాణి చట్టమును సవరించి, అట్టి జాబితాలోని ప్రాణులను ఇంట ఉంచుకొనువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెనని విధించారు. కొనువాడు లేనిదే పట్టువాడు లేడు. ఇది వర్తకులమైన మనకు ఎవరూ నేర్పనక్కరలేని పాఠము.

అయితే ఇప్పటికే ఇంట ఉన్నదానిని ఏమి చేయవలెను? దానిని బయట విడిచిపెట్టమని మా ఇంటివారు అన్నారు. అది దయ కాదు. పెట్టెలో పుట్టి పెరిగిన ప్రాణి పరాయి నేలలో, ఎముకలు కొరికే శీతకాలములో బ్రతుకదు. బ్రతికితే అక్కడి ప్రాణులకు చేటు. మరొకరికి ఇచ్చివేయమని కోడలు అన్నది. అక్కడ కూడా అది కీచురాళ్ళనే తింటుంది, మన కంటికి కనబడదు, అంతే. అప్పును పేరు మార్చి వ్రాస్తే తీరినట్లు కాదు గదా! ఆకలితో చంపుట మాట తలపెట్టనే కూడదు.

కడపట నలుగురమును కూర్చుండి ఒక నిర్ణయమునకు వచ్చాము. తప్పు జరిగినది తిండి పెట్టుటలో కాదు, కొనుటలో. కొన్ననాడే ఒక ప్రాణి భారము తలకెత్తుకొన్నాము. ఆ భారము దాని ఆయువు తీరేవరకు మోయవలసినదే. మరొకటి కొనరాదు, ఎవరైనా ఉచితముగా ఇచ్చినా పుచ్చుకొనరాదు, పిల్లలను పెట్టించరాదు. కీచురాళ్ళను డబ్బాల లెక్కన తెచ్చి చావనీయక, కావలసినదానినే తేవలెను. అవసరమునకు మించి ఒక్కటి కూడా వేయరాదు. అన్నిటికంటె ముఖ్యము, అది తినునప్పుడు స్నేహితులను పిలిచి చూపి ఆనందించరాదు. ద్రవ్యహింస తప్పనిచోట భావహింసనైనను తప్పించుకొనవలెను. ఈ చివరి షరతు పిల్లవాడే చెప్పాడు.

ఇందులో ఒక సౌలభ్యము కూడా కలదు. ఈ జాతి సాలీడు ఆహారము లేకుండ వారములు, కొన్నిసార్లు మాసములు ఉండగలదు. కాబట్టి పర్యూషణ దినములలో ఆహారము వేయకపోయినా దానికి బాధ లేదు. "అయితే మా సాలీడు కూడా ఉపవాసం చేస్తుంది!" అని చిన్నపిల్ల చప్పట్లు కొట్టినది. అందరము నవ్వాము. ఆకలి లేక తినకపోవుట ఉపవాసము కాదమ్మా, ఆకలి ఉండి మానుటే ఉపవాసమని మా ఇంటివారు ఆ పిల్లకు చెప్పారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవానికి ప్రాణులమీద ఉన్న ఆసక్తిని అసహ్యముతోను, బెదిరింపుతోను చంపవద్దు. సాలీడును చూచి చెప్పు తీసే పిల్లవానికంటె, దాని కాళ్ళు లెక్కపెట్టే పిల్లవాడు అహింసకు దగ్గర. చూచుటకు పెట్టె అక్కరలేదు. పెరటిలో వల కట్టే సాలీడు ఉన్నది. చీకటి పడినప్పుడు దీపము పట్టుకొని ఇద్దరము చాలాసేపు దానిని చూచాము. ఒక్క పైసా ఖర్చు లేదు, ఒక్క ప్రాణి బందీ కాలేదు.

మొన్న వాడు ఫోనులో ఒక ఫోటో పంపాడు. సాలీడు కుబుసము విడిచినదట. తన పాత చర్మమును ప్రక్కన పెట్టుకొని మెరుస్తూ ఉన్నది. వాని స్నేహితుడు ఒక చిన్న సాలీడును ఇస్తానంటే వద్దన్నాడట. ఆ సంగతి వాడు నాకు చెప్పలేదు, వాని తల్లి చెప్పినది.

ఏది తక్కువ పాపమని వాడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే. చిక్కులో పడిన తరువాత తక్కువ పాపము వెదకవలసినదే. కాని తలుపు ముందు నిలుచున్నప్పుడే లోపలికి పోవలెనా వద్దా అని అడుగుకొంటే, ఆ వెదకులాట చాలావరకు తప్పుతుంది. ఇది సాలీడుకే కాదు, మన గోదాములకు, బేరములకు, కోరికలకు కూడా చెల్లుతుంది. నా ఆలోచనలో లోపముంటే పెద్దలు తెలుపవలెను. ఎవరి మనసైనను నొప్పించి ఉంటే మిచ్ఛామి దుక్కడం.